తుపాను వార్త: టీవీ తెలుగా, పేపర్ తెలుగా?

తుపాను రోజుల్లో మా ఇంట్లో టీవీ ఆగదు. కానీ అమ్మకు సంగతి అర్థమయ్యేది పొద్దున్నే పేపర్ వచ్చాకే. టీవీలో ‘డీప్ డిప్రెషన్ ఎఫెక్ట్, ల్యాండ్‌ఫాల్ అలర్ట్’ అని ఎర్ర అక్షరాలు పరుగెడుతుంటే ఆవిడకు మిగిలేది టెన్షనే. పేపర్లో అదే ‘తీరం దాటనున్న తీవ్ర వాయుగుండం’. ఎంత చక్కటి మాట! అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను... ఈ వరుస కోస్తాలో చదువురానివాళ్లకూ తెలుసు. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 62కి చేరితే తుపాను.

వేగంలో టీవీదే పైచేయి, ఒప్పుకుంటాను. అర్ధరాత్రి ఏ ఊళ్లోకి నీళ్లొచ్చాయో పేపర్ చెప్పలేదు. భాషలో మాత్రం నా ఓటు పేపర్‌కే. కోతకొచ్చిన వరి పొలం గట్టు మీద నిలబడి మా మావయ్య ఫోన్లో అడిగేది ఒక్కటే: “తీరం ఎక్కడ దాటుతుందంటరా?”