అసిస్ట్ సైట్‌లో నన్ను ఇప్పటికీ భయపెట్టే చిన్న "అండ్"

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల కాలేజీ) నుంచి యూసీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి మారడానికి 60 సెమిస్టర్ యూనిట్లు (క్రెడిట్లు), దరఖాస్తు గడువులు... ఇవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీ కోర్సుకి సరిపోతుందో చెప్పే ఒప్పందాలుండే సైట్ అసిస్ట్. దాన్ని ఏళ్ల తరబడి వాడాక నాకు చెప్పాలనిపించేది ఒక్కటే: కోర్సుల మధ్య కనిపించే "అండ్".

ఎడమ పక్క యూనివర్సిటీ కోర్సు, కుడి పక్క దానికి సరితూగే కాలేజీ కోర్సు. అంత తేటగా ఉంటుంది కాబట్టే, ఇదుంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లక్కర్లేదని చాలామందికి చెప్పాను. ఇప్పుడు అలా చెప్పను.

ఎందుకంటే ఎడమ పక్క మూడు క్వార్టర్ల (విద్యా సంవత్సరాన్ని మూడు టర్మ్‌లుగా విడగొట్టే పద్ధతి) ఫిజిక్స్, కుడి పక్క రెండు సెమిస్టర్ల ఫిజిక్స్, రెండు వైపులా "అండ్"తో కట్టేసి ఉంటాయి. కుడి పక్క రెండూ పూర్తయితేనే ఎడమ పక్క మూడూ తీరతాయి. ఒక్కటే చేస్తే సగం తీరినట్టు కాదు. మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) లెక్కలో ఒక్కటీ తీరకపోవచ్చు, యూనిట్లు మాత్రం వస్తాయి. బర్క్‌లీ, మెర్సెడ్ తప్ప యూసీ క్యాంపస్‌లన్నీ క్వార్టర్ పద్ధతే, కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్కువ భాగం సెమిస్టర్. అందుకే ఈ ముడి ఇన్నిసార్లు ఎదురవుతుంది.

అసలు నష్టం వేసవిలో జరుగుతుంది. సొంత కాలేజీలో రెండో కోర్సుకి సీట్లు నిండిపోతాయి, పక్క కాలేజీలో అదే పేరున్న కోర్సు దొరుకుతుంది, చేరిపోతారు. కానీ క్యాలిక్యులస్‌లో ఇన్ఫినిట్ సిరీస్‌ని ఒక కాలేజీ రెండో కోర్సులో చెబితే ఇంకోటి మూడో కోర్సులో చెబుతుంది. సగం ఇక్కడ, సగం అక్కడ చేస్తే ఏ కాలేజీ ఒప్పందంలోని ముడీ పూర్తి కాదు. కోర్సుల వరుస మొదలుపెట్టిన చోటే ముగించండి. తప్పనిసరైతే, చేరకముందే రెండు సిలబస్‌లూ జతచేసి మీరు చేరాలనుకునే యూసీ క్యాంపస్ డిపార్ట్‌మెంట్‌కి ఈమెయిల్ రాయండి, జవాబు దాచుకోండి.

ఇంకో పొరపాటు, యూసీకి ట్రాన్స్‌ఫరయ్యే కోర్సుల జాబితా చూసి నిశ్చింతగా ఉండిపోవడం. ఆ జాబితా హామీ ఇచ్చేది యూనిట్లకే, మేజర్‌కి కాదు. మేజర్ వారీ ఒప్పందమే చూడాలి, అదీ కోర్సు చదివే విద్యా సంవత్సరానిది. పీడీఎఫ్ దించి పెట్టుకోండి. "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని ఉంటే మీ కాలేజీలో దానికి సాటి లేదని అర్థం. పక్క కాలేజీ ఒప్పందం తెరిచి చూడండి.

ట్యాగ్ (షరతులు తీరిస్తే సీటు ఖాయమనే హామీ) ఉన్న ఆరు క్యాంపస్‌లకే వెళ్లేవాళ్లకి ఈ కంగారు కొంత తక్కువ. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలకి ట్యాగ్ లేదు. అక్కడ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ కోరుకుంటే జనరల్ ఎడ్యుకేషన్ కన్నా ముందు ఈ ముడులన్నీ విప్పాలి.

ఫ్రీమాంట్‌లో ఇంట్లో ఉండి, కారుండి, రెండు కాలేజీలకి తిరగగలిగే పిల్లలకి అసిస్ట్‌ని మించిన సాయం లేదంటాను. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకి మాత్రం అంత ధీమాగా చెప్పలేను. వాళ్లకి ఫుల్‌టైమ్ లెక్కలోకి ఆన్‌లైన్‌లో ఒక్క క్లాసో మూడు యూనిట్లో మాత్రమే వస్తాయి, రెండో కాలేజీలో చేరాలంటే ముందు డీఎస్‌వో (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే కాలేజీ అధికారి) అనుమతి కావాలి. మొదటి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కి ముందే ఒప్పందం ప్రింట్ తీసి, ఒక్కో "అండ్"కీ ఎర్ర సున్నా చుట్టి కౌన్సెలర్ ముందు పెట్టండి.