అద్దె పుస్తకం, అందులో ఎవరిదో పెన్సిల్ రాత

మా విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక అద్దె పుస్తకాల లైబ్రరీ ఉంది. నెలకి 200 కడితే ఒకసారికి రెండు పుస్తకాలు ఇంటికే తెచ్చిస్తారు. పేరు రాయను. కాస్త తిట్టబోతున్నాను, ఆ నడిపే ఆయనేమో రైతుబజార్లో రోజూ ఎదురుపడే మనిషి.

నేను వాట్సాప్‌లో అడిగింది అమెరికా టీవీ టాక్ షోలతో పేరుపడ్డ ఓప్రా విన్‌ఫ్రే జీవిత కథ, ఇంగ్లీషుది. "రేపు పంపిస్తానండీ" అన్నారు. ఆ రేపు ఐదు రోజులకి వచ్చింది. పుస్తకం అట్ట ఎప్పుడో ఊడిపోయినట్టుంది, ఫెవికాల్ పూసి అతికించారు, అది లోపలికి కారి నాలుగు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మా అమ్మాయి స్కేలు దూర్చి మెల్లగా విడదీసింది కానీ రెండు లైన్లు మాత్రం చిరిగి అవతలి పేజీకే ఉండిపోయాయి. ఈ లైబ్రరీకి నేనిచ్చేది 5కి 3 స్టార్లు, అందులో ఒకటి ఆ పుస్తకానిది.

ఇది చాలదన్నట్టు మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలు. ముందు ఒళ్లు మండింది. పది పేజీలు తిరిగేసరికి అసలు కథ కంటే వాటి కోసమే చూడటం మొదలెట్టాను. తెలుగులో, గుండ్రటి అక్షరాలు, ఎవరో ఆవిడే అయ్యుంటుంది, ఒకచోట "మా ఆయనా ఇంతే" అని ఉంది. ఓప్రా పుట్టింది 1954లో, మిసిసిపీ రాష్ట్రంలో, చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర పెరుగుతూ బంగాళాదుంపల గోనెసంచులతో కుట్టిన గౌన్లు వేసుకునేదట. దాని పక్కన "గుచ్చుకోదూ?" అని ఒక్క మాట. తొమ్మిదో ఏట నుంచి అయినవాళ్ల చేతుల్లో పడిన హింస, 14 ఏళ్లకే కాన్పు, ఆ బిడ్డ బతక్కపోవడం, ఆ పేజీల పక్కన మాత్రం ఏమీ రాయలేదు. తర్వాత నాష్‌విల్‌లో, సెలూన్ నడిపే తండ్రి ఇంట్లో, వారం వారం పుస్తకం చదివి అందులో ఏముందో రాసి చూపించాలని రూలు. అక్కడ "బాబోయ్, వారానికొకటే!"

పెద్దయ్యాక బాల్టిమోర్ టీవీలో ఆరు గంటల న్యూస్ చదివేది, అందులోంచి ఆమెను తీసేసి, 1978లో టాక్ షోలోకి పంపించారు. ఉద్యోగంలో కిందకి దించడం అన్నమాట. పెన్సిలావిడ "మంచిదే అయింది" అని రాసింది, నిజమే కదా, 1984లో షికాగో, 1986 నుంచి దేశమంతా, 2011 దాకా 25 సీజన్లు అదే పని. సినిమావాళ్లతో ఇంటర్వ్యూల గురించి బోలెడుంది, బోర్, తిప్పేశాను.

నాకు బాగా పట్టింది దానాల సంగతి. 1997లో తన షోలో, మీ ఇంట్లో పడున్న చిల్లర పోగేసి పంపండి అని అడిగింది. మనం సింహాచలం అప్పన్నకి ముడుపు కట్టి పక్కన పెడతామే, అలాంటిదే, కాకపోతే ఇది పిల్లల చదువులకి. ఏంజెల్ నెట్‌వర్క్ అని పేరు పెట్టిన ఆ దానాల సంస్థకి ఆఖరికి 8 కోట్ల డాలర్ల పైనే వచ్చాయి. దాన్ని నడిపే ఖర్చు ఓప్రానే పెట్టుకుంది, జనం ఇచ్చింది జనానికే పోయింది. చందా పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాళ్లను చూసి చూసి ఉన్నాను కాబట్టి నాకు ఈ ముక్క దగ్గర గౌరవం పుట్టింది.

ఇక మండేలాకి మాటిచ్చి, 2007లో దక్షిణాఫ్రికాలో పేదింటి ఆడపిల్లలకి కట్టిన రెసిడెన్షియల్ స్కూలు. 4 కోట్ల డాలర్లు. ఇంత ఆర్భాటం ఎందుకని అప్పట్లో విమర్శలూ వచ్చాయి. పెన్సిలావిడ కూడా అదే పార్టీ, "ఈ డబ్బుతో ఎన్ని బళ్లు కట్టొచ్చు!" అని రాసి కింద రెండు గీతలు గీసింది. నేను ఒప్పుకోను. బీదపిల్లలు కదా, రేకుల షెడ్డు చాల్లే అనుకునేది మనమే, గోనెసంచి గౌను తొడుక్కున్న మనిషి అలా ఎందుకనుకుంటుంది? అమ్మాయి పెన్సిల్ తీసుకుని కిందే ఈ మాట రాసేశాను.

తిరిగిస్తుంటే లేటు ఫీజు 30 అడిగారు. మీరు ఐదు రోజులు ఆలస్యంగా తెచ్చారు కదండీ అంటే నవ్వి వదిలేశారు. పేజీలు తిరగేసి, "అయ్యో, ఎవరో రాసేశారండీ, రబ్బరుతో చెరిపేయిస్తాను" అన్నారు.

రాతలు ఉండనివ్వండి, ముందు ఆ ఫెవికాల్ మానండి అన్నాను.