పొలానికి దారి: మాట చాలా, రాయించుకోవాలా, కొనేయాలా?

రోడ్డు నుంచి మూడు వందల అడుగులు లోపల మీ ఎకరన్నర. మధ్యలో పక్క రైతు పొలం. ఇన్నాళ్లూ ఆయన గట్టు మీదుగానే నడిచారు, కోతలయ్యాక ట్రాక్టర్ కూడా ఆయన మడిలోంచే తీసుకెళ్లారు. ఇప్పుడు ఆయన అమ్మేస్తున్నాడట. టెన్షన్ అక్కడే మొదలు.

ముందు గ్రామ నక్షా చూడండి. ఆయన గట్టు అని మీరనుకుంటున్నది అందులో పుంతో, డొంకో, బండ్ల బాటో అయితే అది ఆయనది కాదు, సర్కారుది. సర్వే చేయించి హద్దు తేల్చుకుంటే చాలు. లేకపోతేనే ఈ బేరాలన్నీ.

మాట మీద నడవడానికి పైసా ఖర్చు లేదు. కానీ చట్టం దాన్ని అనుమతి కిందే చూస్తుంది. దాని మీద ఆధారపడి ఖర్చు పెట్టి పక్కా కట్టడం కట్టుకోవడం లాంటివి ఉంటే తప్ప, ఇచ్చినవాడు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. పొలం చేతులు మారితే కొన్నవాడు ఆ మాటకు కట్టుబడనక్కర్లేదు. ‘ఇరవై ఏళ్లు నడిచాం, హక్కు వచ్చేసింది’ అని రచ్చబండ దగ్గర అంటుంటారు. అది సగమే నిజం. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం (పక్కవాడి భూమి మీదుగా దారి లాంటి హక్కుల చట్టం) 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు బాహాటంగా, గొడవ లేకుండా, ఆటంకం లేకుండా, పైగా హక్కుగా నడిచి ఉండాలి. అడిగి నడిస్తే ముప్పై ఏళ్లయినా అది హక్కు కాదు. అంటే ఏటా ‘బాబాయ్, మీ గట్టు మీంచి పోతాం’ అని మర్యాదగా అడిగినవాడి కేసే బలహీనం. మర్యాదకు ఇదేం బహుమానమో!

అన్నదమ్ముల పంపకాల్లో వెనక వాటా వచ్చినవాళ్ల సంగతి వేరు. ఒకప్పుడు ఒకటే కమతం, ఇప్పుడు వేరే దారే లేదు అంటే, అవసరాన్ని బట్టి దారి అడిగే హక్కు చట్టమే ఇస్తుంది. రేపు ఇంకోవైపు రోడ్డు పడితే మాత్రం అవసరం తీరినట్టే, హక్కూ పోయినట్టే.

ఇక దారి హక్కు దస్తావేజు. నేల ఆయనదే, నడిచే హక్కు మీది. రిజిస్టర్ చేయిస్తే ఆయన అమ్మినా ఆ హక్కు భూమితోనే ఉంటుంది, మీరు అమ్మితే మీ దగ్గర కొన్నవాడికీ వెళ్తుంది. అసలు కిటుకు రాతలో ఉంది. ‘నడుచుకొనుటకు అనుమతించడమైనది’ అని రాస్తే మళ్లీ మొదటికే వచ్చినట్టు. ‘శాశ్వత దారి హక్కు’ అని ఉండాలి. ఒక రకం దారి హక్కులో ఇంకో రకం కలిసి రాదు. కాలిబాట అని రాయించుకుని వరికోత మిషన్ తెస్తానంటే కుదరదు. కాబట్టి వెడల్పు ఎన్ని అడుగులు, ఏయే బండ్లు, బోరు పైపు, కరెంటు తీగ వెళ్లొచ్చా, అన్నీ రాయించండి. దారి బాగుచేసే ఖర్చు మామూలుగా మీదే. దస్తావేజు చివర భూమి వివరాలు రాసే షెడ్యూల్లో మీ సర్వే నంబరుతో పాటు ఆయనదీ వేయించండి, లేకపోతే రేపు ఆయన పొలానికి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీసినవాడికి ఇది కనిపించకపోవచ్చు. ఆయన భూమి తాకట్టులో ఉందేమో కూడా చూసుకోండి.

కొనేయడం అన్నిటికంటే గట్టిది. పది అడుగుల వెడల్పున మూడు వందల అడుగులంటే 333 గజాలు, అంటే సుమారు ఏడు సెంట్లు, గుంటల్లో రెండుముప్పావు. రోడ్డు పక్క భూమి కాబట్టి రేటు మనం చెప్పేది కాదు, ఆయన చెప్పేదే. దానికి ఆ ముక్కను విడిగా కొలిచే సబ్‌డివిజన్ సర్వే, పాస్‌బుక్ మార్పు అదనం. పొలం మధ్యలోంచి చీల్చి అమ్మడానికి చాలామంది ఒప్పుకోరు కూడా.

వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు రైతులుంటే తలా కొంత వేసుకుని ఉమ్మడి దారిగా కొనడం చవక. అయితే ఎవరూ మూయకూడదని, గేటు పెట్టకూడదని, మట్టి తోలించే ఖర్చు ఎలా పంచుకోవాలని అదే కాగితంలో రాసుకోవాలి. ఈ మాటలు తర్వాత చూద్దాంలే అనుకుంటే, మొదటి వానకే పేచీ.

నా లెక్కలో సాగు చేసుకునేవాళ్లకు రిజిస్టర్ చేసిన దారి హక్కు చాలు. ఇల్లు కట్టాలన్నా, ముక్కలు చేసి అమ్మాలన్నా డబ్బు కూడగట్టి కొనడమే మేలు. ఏదైనా సరే, పక్క రైతు తన పొలానికి బయానా తీసుకోకముందే వెళ్లి కూర్చుని మాట్లాడండి. ఆ తర్వాత మీరు బేరమాడాల్సింది ముక్కూమొహం తెలియని కొత్తాయనతో.