గ్రోమికోనా, షెవర్డ్‌నాద్జేనా: ఎవరు మేలు?

పోటీ పరీక్షల సీజన్ వచ్చిందంటే చాలు, నా దగ్గర అంతర్జాతీయ సంబంధాలు చదువుకునే పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు. సోవియట్ విదేశాంగ మంత్రుల్లో ఎవరు గొప్ప? 28 ఏళ్లు కుర్చీ కదలనివ్వని ఆంద్రేయ్ గ్రోమికోనా, ఐదున్నరేళ్లలో ప్రచ్ఛన్న యుద్ధాన్ని చివరికి తెచ్చిన ఎడ్వర్డ్ షెవర్డ్‌నాద్జేనా? ఈసారి ఒకే వారంలో ముగ్గురు అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడదామనిపించింది.

ముందే ఒక మాట. సోవియట్ పత్రికల నున్నటి కాగితాలతో బడి పుస్తకాలకు అట్టలు వేసుకున్న తరం నాది. గ్రోమికో అంటే ఆ రోజుల నుంచీ మమకారం ఉంది. అయినా నా ఓటు షెవర్డ్‌నాద్జేకే.

స్టాలిన్ కాలపు విదేశాంగ మంత్రి మోలొతోవ్ సంగతేమిటని కొందరు అడుగుతారు. 1939 మేలో అప్పటి మంత్రి లిత్వినోవ్‌ను తీసేసి స్టాలిన్ ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు, ఆగస్టుకల్లా హిట్లర్ జర్మనీతో ఒప్పందం మీద ఆయన సంతకం ఉంది. అక్కడ మంత్రికి విడిగా ఒక బుద్ధి ఉందనుకోవడం కష్టం. చౌ ఎన్‌లై 1949 నుంచి 1958 దాకా చైనా విదేశాంగ మంత్రి, కానీ అదే సమయంలో ప్రధాని కూడా, కాబట్టి ఈ పోలికలో ఇమడరు. వియత్నాం మంత్రి న్గుయెన్ కో థాచ్ చైనాతో రాజీ కుదిరే వేళ 1991లో పదవి పోగొట్టుకున్నారు. ఆయన గురించి ఎప్పుడైనా విడిగా రాయాలి.

ఇక అసలు విషయం. మన దేశంలో విదేశాంగ మంత్రి పార్లమెంటుకు జవాబు చెప్పాలి. సోవియట్ యూనియన్‌లో నిర్ణయమంతా పొలిట్‌బ్యూరోదే, అంటే కమ్యూనిస్టు పార్టీ అగ్రనాయకుల చిన్న బృందానిదే, మంత్రిత్వశాఖది అమలు చేసే పని. గ్రోమికో 1957 ఫిబ్రవరిలో మంత్రి అయ్యారు. పొలిట్‌బ్యూరోలో పూర్తి సభ్యత్వం దొరికింది మాత్రం 1973 ఏప్రిల్‌లో. అంటే 16 ఏళ్లు ఆయన పైవాళ్లు చెప్పింది చేసిన మనిషి. షెవర్డ్‌నాద్జే కథ వేరు. 1985 జూలై 1న పూర్తి సభ్యుడయ్యారు, మర్నాడే మంత్రి అయ్యారు. మొదటి రోజు నుంచే ఆయన గది లోపలి మనిషి.

అందుకే సంతకం పెట్టిన ఒప్పందాలు లెక్కపెట్టి మార్కులు వేయడం నాకు సరిపడదు. తలుపులు మూసిన ఆ గదిలో, తన బుద్ధి ఒకటి చెప్తుంటే నాయకత్వం ఇంకోటి చెప్పినప్పుడు ఆ మనిషి ఏం చేశాడు? నా తక్కెడలో ముల్లు తిప్పేది ఇదే.

గ్రోమికో ప్రతిభ గురించి ఎంత చెప్పినా తక్కువే. 1909లో బెలారూస్‌లోని గోమెల్ దగ్గర పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు, చదివింది ఆర్థికశాస్త్రం. స్టాలిన్ ఏరివేతల్లో విదేశాంగ శాఖ ఖాళీ అయిపోతే 1939లో అందులోకి తీసుకున్నారు. 34 ఏళ్లకే వాషింగ్టన్‌లో రాయబారి. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద సోవియట్ తరఫున సంతకం చేసిన మనిషి, 40 ఏళ్ల తర్వాత కూడా మంత్రి పదవిలోనే ఉన్నారంటే ఆ ఓర్పు, ఆ జ్ఞాపకశక్తి ఊహించుకోవచ్చు. 1963 అణుపరీక్షల పాక్షిక నిషేధ ఒప్పందం మీద, 1970లో పశ్చిమ జర్మనీతో కుదిరిన మాస్కో ఒప్పందం మీద ఆయన సంతకాలున్నాయి. ఇంగ్లీషు బాగా వచ్చినా చర్చల్లో దుబాసీని పెట్టుకునేవారు. అవతలివాడి మాట రష్యన్‌లోకి మారే లోపు ఆలోచించుకోవడానికి టైమ్ దొరుకుతుంది కదా.

మన తరానికి ఆయన మీద ఉన్న అభిమానానికి కారణం 1971. ఆగస్టు 9న ఢిల్లీలో స్వరణ్ సింగ్ పక్కన కూర్చుని భారత్‌–సోవియట్ స్నేహ ఒప్పందం మీద సంతకం పెట్టింది గ్రోమికోయే. ఏ దేశం మీద దాడి ముప్పు వచ్చినా రెండు దేశాలూ వెంటనే సంప్రదించుకోవాలని 9వ అధికరణం చెప్తుంది. నాలుగు నెలల్లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది, భద్రతా మండలిలో సోవియట్ వీటోలు మనకు అండగా నిలిచాయి. ఆ మేలు మరచిపోయే మనిషిని కాదు.

కానీ 1962 అక్టోబరు 18 చూడండి. వైట్‌హౌస్‌లో కెనెడీ ఎదురుగా కూర్చుని, క్యూబాకు మేమిచ్చే సాయం రక్షణ కోసమేనని గ్రోమికో కాగితం చూసి చదివారు. సోవియట్‌లు క్యూబాలో రహస్యంగా పెట్టిన అణు క్షిపణుల ఫొటోలు ఆ పాటికే కెనెడీ బల్ల సొరుగులో ఉన్నాయి. గ్రోమికో ముఖంలో మార్పు లేదు. దీన్ని దౌత్య నైపుణ్యం అనేవాళ్లున్నారు. అప్పటికాయన పొలిట్‌బ్యూరోలో లేరు, చదవమన్నది చదివారు. దానికి నేను పెద్దగా మార్కులు తగ్గించను.

తగ్గించేది 1979కి. అప్పటికి ఆయన ఆ గదిలో ఆరేళ్లుగా పూర్తి సభ్యుడు.

మార్చి నడిమిలో అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్‌లో తిరుగుబాటు లేచింది. కాబూల్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వం సైన్యాన్ని పంపమని మాస్కోను వేడుకుంది. మార్చి 17న పొలిట్‌బ్యూరో కూర్చుంది. ఏ పరిస్థితిలోనూ అఫ్ఘానిస్తాన్‌ను పోగొట్టుకోలేమని మొదట అన్నది గ్రోమికోయే. మర్నాటికి ఆయన మాట మారింది. సైన్యాన్ని పంపకూడదన్న కేజీబీ (గూఢచార సంస్థ) అధిపతి ఆంద్రోపోవ్ వాదనను పూర్తిగా సమర్థిస్తూ ఇలా అన్నారు. అక్కడి సైన్యాన్ని నమ్మలేం. మన సైన్యం వెళ్తే దురాక్రమణదారు అవుతుంది. ఎవరి మీద పోరాడుతుంది? మొదట అఫ్ఘాన్ ప్రజల మీదే. ఇన్నేళ్లు కష్టపడి సంపాదించుకున్న, పశ్చిమ దేశాలతో ఉద్రిక్తతల సడలింపు, ఆయుధాల తగ్గింపు చర్చలు అన్నీ వెనక్కి పోతాయి. చైనాకు మంచి కానుక ఇచ్చినట్టవుతుంది. అలీన దేశాలన్నీ మనకు ఎదురు తిరుగుతాయి. ఆ సమావేశంలో ఆయన వాదన సారాంశం ఇది. 1990లలో బయటికొచ్చిన ఆ నోట్సు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. రాబోయే పదేళ్ల చరిత్రను ఆ మనిషి ఒక్క మధ్యాహ్నంలో చెప్పేశారు.

డిసెంబరు 12న అదే పొలిట్‌బ్యూరో నుంచి ఒక కాగితం వచ్చింది. అఫ్ఘానిస్తాన్‌కు సైన్యాన్ని పంపే నిర్ణయం అదే. టైపు చేసింది కూడా కాదు, పొలిట్‌బ్యూరో సభ్యుడు చెర్నెంకో చేత్తో రాసింది. పైన శీర్షిక ‘‘అ’లో పరిస్థితి గురించి’. దేశం పేరైనా పూర్తిగా రాయలేదు, సైన్యం అన్న మాటా లేదు. ఆంద్రోపోవ్, రక్షణ మంత్రి ఉస్తినోవ్, గ్రోమికో చెప్పిన అంచనాలు, చర్యలు ఆమోదిస్తున్నాం అని మాత్రమే ఉంది. మార్చిలో అంత స్పష్టంగా వద్దన్న మనిషి పేరు, డిసెంబరులో ఆ పని చేయమన్న ముగ్గురిలో ఒకటి.

మధ్యలో కారణాలు లేవని కాదు. సెప్టెంబరులో కాబూల్‌లో అమీన్ తన నాయకుడు తరాకీని దించి, అక్టోబరులో చంపించారు, అమీన్ అమెరికా వైపు తిరుగుతాడన్న భయం మాస్కోను పట్టుకుంది. అయినా మార్చిలో చెప్పిన లెక్కలో ఏ ఒక్క అంకె మారింది? 1980 జనవరి 14న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో విదేశీ సైన్యం వెళ్లిపోవాలని 104 దేశాలు ఓటేశాయి, కాదన్నవి 18 మాత్రమే. ఇండియా తటస్థంగా ఉండిపోయింది. ఫిబ్రవరిలో గ్రోమికో ఢిల్లీ వచ్చేసరికి మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. పదవిలోకి వచ్చి నెల తిరిగేలోపే మన పీవీ నెత్తిన పడిన తలనొప్పి అది. దాదాపు 15 వేల మంది సోవియట్ సైనికులు, లెక్కకు అందనంత మంది అఫ్ఘాన్లు చనిపోయారు. తెలియక చేసిన తప్పయితే వేరు. ఇది తెలిసి మౌనంగా ఉండిపోయిన తప్పు.

షెవర్డ్‌నాద్జే కడిగిన ముత్యమని నేను అనను. జార్జియాలోని మమతి గ్రామంలో 1928లో పుట్టారు, యువజన సంఘం నుంచి ఎదిగారు, రిపబ్లిక్ హోంమంత్రిగా పోలీసులను నడిపారు, 1972లో జార్జియా పార్టీ మొదటి కార్యదర్శి అయ్యారు. 1976 పార్టీ మహాసభలో, జార్జియాకు సూర్యుడు తూర్పున కాదు, ఉత్తరాన ఉదయించాడని మాస్కోను పొగిడారు. ఆ పొగడ్త ఆయన్ని జీవితాంతం వెంటాడింది.

కానీ రెండేళ్లకే మరో ముఖం కనిపించింది. 1978లో కొత్త రాజ్యాంగ ముసాయిదాలో జార్జియన్ భాషకున్న అధికార భాష హోదా ఎగిరిపోయింది. ఏప్రిల్ 14న వేలమంది విద్యార్థులు రాజధాని త్బిలిసి వీధుల్లోకి వచ్చారు. భాష కోసం వీధికెక్కడమంటే ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు. షెవర్డ్‌నాద్జే మాస్కోతో మాట్లాడి ఒప్పించి, బయటికొచ్చి, మీ భాష హోదా ఉంటుందని ఆ జనానికి చెప్పారు. తుపాకీ పేలలేదు. ఇప్పుడు జార్జియాలో ఆ రోజు భాషా దినం.

1985లో దౌత్య అనుభవం బొత్తిగా లేని ఈ మనిషిని గోర్బచేవ్ తెచ్చి విదేశాంగ శాఖలో కూర్చోబెట్టారు. గ్రోమికోను సుప్రీం సోవియట్ (పార్లమెంటు) ప్రిసీడియం అధ్యక్షుడిగా, అంటే పేరుకు దేశాధినేతగా, పైకి పంపారు. ఆ మార్చిలో గోర్బచేవ్ పేరును నాయకత్వానికి ప్రతిపాదించింది గ్రోమికోయే, అది కూడా ఆయన ఖాతాలో వేయాలి. 1987 డిసెంబరులో అమెరికాతో మధ్యశ్రేణి అణు క్షిపణుల ఒప్పందం వచ్చింది. దాని కింద రెండు దేశాలూ 2,692 క్షిపణులను ధ్వంసం చేశాయి. 1988 ఏప్రిల్ 14న జెనీవాలో అఫ్ఘాన్ ఒప్పందాల మీద షెవర్డ్‌నాద్జే సంతకం పెట్టారు, 1989 ఫిబ్రవరి 15న చివరి దళం అముదర్యా వంతెన దాటింది. ఆఖరి వారాల్లో ఆయనే తడబడ్డారు. కాబూల్ కూలిపోతుందన్న భయంతో కొంత సైన్యాన్ని ఆపి ఉంచాలని పట్టుబట్టారు, గోర్బచేవ్ సలహాదారు చెర్న్యాయెవ్ ఆయనతో గట్టిగా వాదించాల్సి వచ్చింది. ఇది దాచకూడదు.

నా మనసు మార్చింది 1989 అక్టోబరు 23. సుప్రీం సోవియట్‌లో నిలబడి, అఫ్ఘానిస్తాన్‌లోకి వెళ్లడం మానవ విలువలకే విరుద్ధమని సోవియట్ విదేశాంగ మంత్రి స్వయంగా అన్నారు. క్రాస్నొయార్స్క్ రాడార్ కేంద్రం, క్షిపణి రక్షణ వ్యవస్థల మీద అమెరికాతో చేసుకున్న 1972 ఒప్పందాన్ని ఉల్లంఘించి కట్టిందేనని ఒప్పుకున్నారు. అంతకుముందు ఏళ్ల తరబడి మాస్కో కాదని బుకాయిస్తూ వచ్చిన విషయం అది. తమ సభలో, తమ ప్రజల ముందు, తమ రాజ్యం అబద్ధమాడిందని చెప్పడం అప్పటిదాకా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లెవరూ చేయలేదు.

ఇక 1990 డిసెంబరు 20. ప్రజాప్రతినిధుల మహాసభలో షెవర్డ్‌నాద్జే మాట్లాడటానికి లేచారు. గోర్బచేవ్‌కు కూడా ముందు చెప్పలేదు. నియంతృత్వం వస్తోంది, ఆ నియంత ఎవరో ఎవరికీ తెలియదు, దానికి నా నిరసనగా రాజీనామా చేస్తున్నాను అన్నారు. వారం తిరిగేసరికి యనాయెవ్ ఉపాధ్యక్షుడయ్యారు. ఎనిమిది నెలల తర్వాత గోర్బచేవ్‌ను నిర్బంధించిన కుట్రలో తానే తాత్కాలిక అధ్యక్షుణ్ణని ప్రకటించుకున్నది ఆ యనాయెవే.

గ్రోమికో ఖచ్చితంగా గెలిచే చోటు ఒకటుంది. అది కాగితం. నాటో ఒక్క అంగుళం కూడా తూర్పుకు జరగదని 1990 ఫిబ్రవరి 9న అమెరికా విదేశాంగ మంత్రి బేకర్ మాస్కోలో నోటిమాటగా అన్నది ఇవాళ్టికీ గొడవే. గ్రోమికో అయితే కామాతో సహా రాయించుకునేవారని నా నమ్మకం. 1990 జూన్‌లో బేకర్‌తో కుదిరిన బేరింగ్ సముద్ర సరిహద్దు ఒప్పందాన్ని రష్యా పార్లమెంటు నేటికీ ఆమోదించలేదు. క్షిపణుల ఒప్పందంలో 400 కిలోమీటర్లే వెళ్లే ఓకా క్షిపణిని కూడా ఇచ్చేశారని సైన్యాధికారులు ఆయన్ని క్షమించలేదు. దేశ ప్రయోజనం ఒక్కటే కొలతగా పెట్టుకున్నవాళ్లు గ్రోమికోను ఎంచుకుంటే తప్పనను. జార్జియా అధ్యక్షుడిగా షెవర్డ్‌నాద్జే చివరి ఏళ్లు కూడా బాధాకరమే. అవినీతి పెరిగింది, 2003 నవంబరు ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగింది, గులాబీలు పట్టుకున్న జనం పార్లమెంటులోకి దూసుకొస్తే దిగిపోయారు. అప్పుడూ సైన్యంతో కాల్పులు జరిపించలేదు.

మొన్న ఒకమ్మాయి అడిగింది. ‘సార్, రాజీనామా చేసి ఏం సాధించారు? ఆగస్టులో కుట్ర ఎలాగూ జరిగింది కదా?’ మంచి ప్రశ్న. ఆ ఆగస్టులో ట్యాంకులు మాస్కోలోకి వచ్చినప్పుడు రష్యా పార్లమెంటు భవనం చుట్టూ జనం అడ్డుకట్టలు కట్టి నిలబడ్డారు. ఆగస్టు 20 రాత్రి దాటేలోపు ముగ్గురు యువకులు చనిపోయారు. ఏ పదవీ లేని షెవర్డ్‌నాద్జే, 63 ఏళ్ల వయసులో, ఆ జనంలోకి నడిచి వచ్చారు.