గోదాముల పక్క ఇళ్లకు "సౌండ్‌ప్రూఫ్" యూపీవీసీ కిటికీలు: ఏది పనికొస్తుంది, ఏది దండగ

హైదరాబాద్‌కు ఉత్తరాన కండ్లకోయ, గుండ్లపోచంపల్లి, మేడ్చల్, దేవరయాంజాల్ వైపు ఇల్లు కొన్నవాళ్లు గృహప్రవేశం అయ్యాక ముందుగా అడిగేది ఇదే: ఉన్న కిటికీలు తీసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీలు పెడితే లారీల గోల తగ్గుతుందా? తగ్గుతుంది, కానీ అన్ని చప్పుళ్లూ ఒకేలా తగ్గవు. షాపువాళ్లు మాత్రం అన్నిటికీ కలిపి ఒకే అంకె చెప్పి అమ్ముతారు.

పగలు భారీ లారీలను సిటీలోకి రానివ్వరు కాబట్టి 44వ నంబరు జాతీయ రహదారి మీద, ఔటర్ రింగ్ రోడ్డు దిగే చోట అసలు రద్దీ రాత్రి పూటే. గోదాముల్లో లోడింగ్ కూడా అప్పుడే జోరు మీద ఉంటుంది. సికింద్రాబాద్ - నిజామాబాద్ రైలు మార్గం గుండ్లపోచంపల్లి, మేడ్చల్ మీదుగానే పోతుంది, గూడ్సు బండి హారన్ దానికి అదనం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా హద్దు 45 డెసిబెల్స్, పగలు 55. గోదాం గేటుకు ఎదురిల్లయితే ఆ 45 కాగితం మీద మాటే.

రివర్స్ బీప్, హారన్, ఎయిర్ బ్రేకు బుస్సుమనడం, కంటైనర్ తలుపు గొళ్లెం టంగుమనడం, ఇవన్నీ కీచు రకం. మంచి కిటికీ వీటిని బాగానే ఆపుతుంది. ఇంజన్ ఆపకుండా నిలబెట్టిన ట్రైలర్ గుడగుడ వేరు. అది 100 హెర్ట్జ్ (సెకనుకు వంద ఊపులు) చుట్టుపక్కల ఉండే బరువైన శబ్దం, గాజు ఎంత మందమైనా కొంత లోపలికి వస్తుంది. "40 డీబీ (డెసిబెల్స్) తగ్గుతుంది సార్" అని చెప్పేది ల్యాబ్‌లో ఒట్టి గాజుకు వచ్చిన అంకె. గోడలో బిగించిన కిటికీకి అంత రాదు.

ముందు రకం సంగతి. స్లైడింగ్ కిటికీకి ఈ పనిలో పదికి మూడు మార్కులు. పల్లెం (గాజు బిగించిన కిటికీ రెక్క) పక్కకు జరగాలి కాబట్టి సందుల్లో రబ్బరు పెట్టలేరు, బొచ్చు బ్రష్ పెడతారు. గాలి దూరే చోట శబ్దమూ దూరుతుంది. లెక్క చూడండి: 4 అడుగుల చదరం కిటికీకి చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు ఉంటే మొత్తం వైశాల్యంలో ఒక శాతం అయినట్టు. ఒక శాతం తెరిచి ఉంటే ఏ గాజు వేసినా 20 డెసిబెల్స్ దాటి తగ్గదు. తలుపులా తెరుచుకునే కేస్‌మెంట్ రకంలో రెండు వరసల ఈపీడీఎం రబ్బరు, మూడు నాలుగు చోట్ల పట్టే మల్టీ పాయింట్ లాక్ ఉంటాయి. హ్యాండిల్ తిప్పగానే పల్లెం రబ్బరు మీదికి నొక్కుకుంటుంది. రోడ్డు వైపు కిటికీలో సగం కదలని గాజు, సగం కేస్‌మెంట్ పెట్టించుకుంటే ఇంకా నయం, సందు పొడవు తగ్గుతుంది.

ఇక గాజు. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. డబుల్ గ్లాస్ అనగానే జనం 5-12-5 తీసుకుంటారు: రెండు 5 మి.మీ. గాజులు, మధ్యలో 12 మి.మీ. గాలి. ఎండ వేడికి అది మంచిదే. లారీ చప్పుడుకు మాత్రం సరైన సరుకు కాదు. రెండు గాజులూ, మధ్యలో చిక్కుకున్న గాలీ కలిసి సుమారు 220 హెర్ట్జ్ దగ్గర తామే ఊగుతాయి, డీజిల్ ఇంజన్ మోతలో ఆ భాగానికి దారి ఇచ్చినట్టే. పైగా రెండూ ఒకే మందం కావడంతో ఒకే కీచు దగ్గర రెండూ బలహీనపడతాయి. అదే ఖర్చులో 5 + 5 లామినేటెడ్, అంటే రెండు 5 మి.మీ. గాజులు అతికించి మధ్యలో 0.76 మి.మీ. పీవీబీ (ఒక రకం ప్లాస్టిక్) పొర ఉన్నది తీసుకోవడం మేలు. ఆ మెత్తటి పొర గాజు ఊగడాన్ని మింగేస్తుంది, పగిలినా పెంకులు రాలవు. డబుల్ గ్లాసే కావాలనుకుంటే రెండు పక్కలా మందం వేరుగా, ఒక పక్క లామినేటెడ్‌గా అడగండి.

గుడగుడే అసలు బాధ అయితే మార్గం ఇంకొకటి ఉంది. ఉన్న కిటికీ అలాగే ఉంచి, గోడ మందంలోనే 100 మి.మీ. లోపలికి రెండో కిటికీ బిగించడం. ఖాళీ పెరిగితే ఆ ఊగే స్థాయి 75 హెర్ట్జ్ దాకా దిగిపోతుంది. 9 అంగుళాల గోడ ఉన్న ఇళ్లకు ఇది కుదురుతుంది, 4 అంగుళాల గోడ ఫ్లాట్లకు కుదరదు.

గాజు ఇంటి దగ్గర దించే రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. ఫ్రేములో బిగించాక లామినేటెడ్‌కూ మామూలు మందపు గాజుకూ తేడా పట్టడం కష్టం. బండి మీంచి దించేటప్పుడు అంచు చూస్తే మధ్యలో పొర గీత కనబడుతుంది. బరువు కూడా లెక్కలోకే వస్తుంది: 10 మి.మీ. గాజు చదరపు మీటరుకు 25 కిలోలు. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు పల్లెంలో గాజే పద్దెనిమిదిన్నర కిలోలు. ప్రొఫైల్ (ఫ్రేము గొట్టం) లోపల గాల్వనైజ్డ్ స్టీలు లేకపోతే, హింజ్ ఆ బరువుకు తగ్గది కాకపోతే, కొన్నాళ్లకు పల్లెం కిందికి వాలి పై మూల రబ్బరు వదిలేస్తుంది.

మంచి కిటికీ కూడా చెడిపోయేది బిగింపులోనే. కిటికీ చుట్టూ గ్రానైట్ వేయకముందు కొలత తీసుకుంటారు, తీరా చూస్తే ఫ్రేముకూ గోడకూ మధ్య వేలు దూరేంత ఖాళీ. దాన్ని పైపైన సిలికాన్‌తో పూసేస్తారు, లోపల బోలు. ఖాళీ 5 నుంచి 10 మి.మీ. మించకూడదు, లోతంతా ఫోమ్ (ఉబ్బి గట్టిపడే నురగ) నింపాలి. ఫోమ్ తేలిక, దానంతట అది శబ్దాన్ని ఆపేది తక్కువ. అందుకని లోపలా బయటా రెండు వైపులా న్యూట్రల్ సిలికాన్ వరస తెగకుండా లాగించాలి. డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు రెండు పరీక్షలు చేయండి. పల్లెం కింద కాగితం ముక్క పెట్టి లాక్ వేసి లాగండి, సులువుగా జారి వచ్చిందంటే అక్కడ రబ్బరు నొక్కుకోలేదు. ఎలెన్ కీ (ఆరు పలకల చిన్న పానా)తో లాక్ క్యామ్ (పల్లెాన్ని నొక్కిపట్టే బొడిపె) కొంచెం తిప్పితే సరిపోతుంది, ఫిట్టర్‌ను అక్కడే అడగండి. తర్వాత ఫ్యాన్లు ఆపి అగరబత్తి చుట్టూ తిప్పండి, పొగ ఊగిన చోట సందు ఉన్నట్టే.

కిటికీ మార్చాక కూడా గోల తగ్గలేదంటే బాత్రూం వెంటిలేటర్ అద్దం పట్టీలు, విండో ఏసీ పెట్టిన కన్నం, మెయిన్ డోర్ కింది సందు చూడండి. ఏసీ స్ప్లిట్‌కు మార్చకుండా ఆ గదికి ఖరీదైన గాజు వేయించడం దండగ. అన్నీ మూసేస్తే గాలి ఎలా అన్నది న్యాయమైన ప్రశ్నే. రోడ్డు వైపు మూసి, వెనక వైపు కిటికీ తెరిచి పడుకోండి. రెండు వైపులా గోదాములే ఉన్న ఇంటికి నిజంగా సుఖమైన జవాబు లేదు.

కొటేషన్ చదరపు అడుగు లెక్కన ఇస్తారు, 18 శాతం జీఎస్టీ విడిగా కలుస్తుంది. గాజు రకం, పొర మందం, స్టీలు, లాక్ పాయింట్లు, దోమల మెష్ కాగితం మీద రాయించండి. "సౌండ్‌ప్రూఫ్ గ్లాస్" అని మాత్రమే రాసిన బిల్లుతో రేపు ఎవరినీ నిలదీయలేరు.

లారీ దుమ్ము ఉన్న చోట ఫ్రేము కింది నీటి రంధ్రాలు త్వరగా పూడిపోతాయి, వానకి నీళ్లు గదిలోకి వస్తాయి. వానాకాలం ముందు పుల్లతో తీసేయండి. రబ్బరును సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి సిలికాన్ ఆయిల్ పలచగా రాస్తే గట్టిపడదు. కిరోసిన్, థిన్నర్ దగ్గరికి కూడా తేవద్దు.