కడపలో మెరైన్ ట్యాంకుకు మైపాడు నీళ్లా, సాల్ట్ మిక్సా?

సముద్రపు చేపలు, పగడాలు పెంచే మెరైన్ ట్యాంకును మొదటిసారి నింపడానికి, అదీ ఫిబ్రవరి నుంచి మే లోపు అయితే, నెల్లూరు దగ్గరి మైపాడు తీరం నుంచి సముద్రపు నీళ్లు తెచ్చుకోవడం మంచి పనే. పదిహేను రోజులకోసారి నీళ్లు మార్చడానికి మాత్రం మా ఓటు, మంచి నీళ్లలో కలిపితే సముద్రపు నీళ్లలాంటివి తయారయ్యే ఉప్పు పొడి, సాల్ట్ మిక్స్‌కే. కడప, అనంతపురం, కర్నూలు ఇళ్లకు ఇదే సరిపోతుందని మా అభిప్రాయం.

కడప వాళ్లకు దగ్గరి తీరం నెల్లూరుది. బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరి, ఇంకో 20 కిలోమీటర్ల పైన పోతే మైపాడు. దూరం కన్నా అసలు చిక్కు ఉప్పదనంతో. సముద్రపు నీళ్లంటే 35 పీపీటీ (వెయ్యి పాళ్ల నీళ్లలో 35 పాళ్ల ఉప్పు) అని అందరూ చెప్పుకుంటారు గానీ, బంగాళాఖాతం ఏడాది పొడవునా ఆ లెక్కలో ఉండదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన వరద నీళ్లు పైపొరలో తేలుతూ ఉంటాయి. వానాకాలం ముగిశాక తీరం వెంబడి దక్షిణానికి పారే ప్రవాహం వాటిని నెల్లూరు దాకా దించుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలూ అక్కడే పడతాయి. మన పెన్నమ్మ కూడా ఊటుకూరు దగ్గర అదే సముద్రంలో కలుస్తుంది. ఆ నెలల్లో తెచ్చిన నీళ్లు 30 పీపీటీకి దిగువన చూపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఉప్పు తగ్గితే మిగతావన్నీ దాంతోపాటే తగ్గుతాయి. 35 దగ్గర లీటరుకు 415 మిల్లీగ్రాముల చుట్టూ ఉండే కాల్షియం, 28 దగ్గర సుమారు 330కి పడిపోతుంది. పగడాలు పెంచేవాళ్లకు అది చాలదు.

కాబట్టి తీరం మీదే ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూసి నింపుకోవాలి. దాన్ని ఆర్వో నీళ్లతో సున్నాకు సరిచేస్తే చాలదు, 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచేయాలి. 30 వచ్చిన నీళ్లను 34కు తేవాలంటే 100 లీటర్లకు 430 నుంచి 450 గ్రాముల సాల్ట్ మిక్స్ పడుతుంది.

ఎక్కడ ముంచుతారన్నది కూడా ముఖ్యమే. పెన్న మొగ, చేపల రేవు, కృష్ణపట్నం ఓడరేవు పరిసరాలు, రొయ్యల చెరువుల నీళ్లు వదిలే కాలువలు, వీటన్నిటికీ దూరంగా ఉండాలి. ఒడ్డున అలల్లో ముంచితే సగం ఇసుకే వస్తుంది. వేటకు పోయే ఫైబర్ పడవ వాళ్లతో మాట్లాడుకుని లోపలి నుంచి తెప్పించుకోవడం మేలు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడే నింపాలి, ఎందుకంటే ఆటు సమయంలో కాలువల నీళ్లు బయటికి వస్తాయి. నీళ్లు పచ్చగా ఉన్నా, నురగ కట్టినా, పైన నూనె తెట్టు కనిపించినా ఆ రోజుకు వెనక్కి రావడమే. 20 లీటర్ల క్యాన్ 20.5 కిలోలు తూగుతుంది. 200 లీటర్లంటే పది క్యాన్లు, 205 కిలోలు. చిన్న కారు డిక్కీకి అది మించిన బరువు, టాటా ఏస్ మాట్లాడుకోండి. తాగే నీళ్ల క్యాన్లే వాడాలి. ఇత్తడి, రాగి తగిలే పంపులు వద్దు, రాగి చాలా కొద్దిగా కరిగినా రొయ్యలు, పగడాలు చస్తాయి.

ఇంటికి చేరిన నీళ్లను 5 మైక్రాన్ల ఫిల్టర్ సాక్‌లో వడకట్టి, ఆ రోజే వాడాలి. లేదంటే మూత పెట్టిన డ్రమ్ములో, చీకట్లో, ఎయిర్ పంపు నడిపిస్తూ కనీసం రెండు వారాలు ఉంచాలి. మధ్యలో వాడితేనే ప్రమాదం. అందులోని ప్లవకాలు (నీళ్లలో తేలే సన్నని జీవులు) చచ్చి కుళ్లుతాయి, అమ్మోనియా లేస్తుంది. మూత బిగించిన క్యాన్లు ఎండలో వదిలేస్తే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. వడపోత పరాన్నజీవులన్నిటినీ ఆపదు. అనుమానముంటే 100 లీటర్లకు వాసన కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (ద్రవ బ్లీచ్) 20 మిల్లీలీటర్లు పోసి (10 పీపీఎం, అంటే లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్), ఒక రోజు గాలి కొట్టించి, మిగిలిన క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో తీసేయాలి. 7 గ్రాములకు మించి పట్టదు. క్లోరిన్ కిట్ సున్నా చూపించాకే వాడాలి. అయితే ఇలా చేస్తే సముద్రపు నీళ్లతో వచ్చే జీవసంపద మొత్తం పోతుంది. ఇంత ప్రయాణం చేసి చివరికి మిగిలేది ఉప్పు నీళ్లే!

సాల్ట్ మిక్స్ లెక్క తేలిక. బ్రాండును బట్టి కాస్త అటూ ఇటూ ఉన్నా, లీటరుకు సుమారు 38 గ్రాములు. 200 లీటర్ల ట్యాంకులో పక్షానికి 10 శాతం మార్చితే నెలకు 40 లీటర్లు, అంటే కిలోన్నర. 22 కిలోల బకెట్ ఏడాది దాటి వస్తుంది. గాలిలో తేమ తక్కువ కాబట్టి మన దగ్గర ఉప్పు గడ్డకట్టే బెడద తీరంలో ఉన్నంత ఉండదు. అయినా మూత గట్టిగా బిగించాలి, తీసిన ప్రతిసారీ బకెట్‌ను దొర్లించి కలపాలి. నీళ్లలో ఉప్పు వేయాలి గానీ ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. మేలో క్యాన్ నీళ్లు 35 డిగ్రీలకు కాగి ఉంటాయి, వాటిలో కలిపితే కాల్షియం కార్బొనేట్ తెల్లగా విరిగి ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) పడిపోతుంది. 25 డిగ్రీలకు చల్లార్చి కలపండి. దుకాణాల్లో అక్వేరియం ఉప్పు పేరుతో దొరికే గల్లుప్పు దీనికి పనికిరాదు, అది ఉత్త సోడియం క్లోరైడ్.

బోరు నీళ్లతో మాత్రం కలపొద్దు. మన బోర్లలో ఫ్లోరైడ్, నైట్రేటు, గట్టిదనం ఎక్కువ. వీధి ప్లాంటు క్యాన్‌లో కూడా టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు) ఎంతో కొంత మిగులుతుంది కాబట్టి, వాటిని పట్టేసే డీఐ రెసిన్ గుండా పోనిచ్చి సున్నాకు తేవాలి. ఎండాకాలం ఫ్యాను గాలికి ఆవిరైన నీళ్లకు బదులు ఆ మంచి నీళ్లే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కనుక అక్కడ ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం పెరుగుతూ పోతుంది.

రెండూ మార్చి మార్చి వాడేవాళ్లు ఆల్కలినిటీ చూసుకోవాలి. సముద్రపు నీళ్లది 7 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలమానం) దరిదాపు, రెడ్ సీ అనే కంపెనీ సాల్ట్ మిక్స్ కోరల్ ప్రోది 12. రెడ్ సీ వాళ్ల మామూలు నీలం బకెట్ 8 దగ్గర ఉంటుంది, మైపాడు నీళ్లతో నింపిన ట్యాంకుకు అదే జత.