మూడు డిగ్రీల వాలు: ఫైబర్‌గ్లాస్ డబ్బాల అచ్చుతో నాలుగేళ్లు

అచ్చులోంచి డబ్బా ఊడి వచ్చేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. "టప్"మని, ఒక్కటే. ఆ చప్పుడు వినడానికే నేను మేడ మీద ఇంత కంపు భరిస్తున్నానని మా అత్తయ్య అంటారు. కాదనలేను.

రెసిన్‌లో (గట్టిపడే జిగురు ద్రవం) ఏది ఎంత కలపాలో, మ్యాట్ (గాజు నారల చాప) ఎలా పరచాలో ఇక్కడ రాయను. ఈ పనిలో చెయ్యి పెట్టినవాళ్లకు అవి తెలిసినవే. ఒక్క మాట మాత్రం ఎన్నిసార్లు చెప్పినా తప్పులేదు: రెసిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్టునూ, ఆ పనిని వేగపరిచే ఊదారంగు కోబాల్టునూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకండి, భగ్గుమంటాయి. కోబాల్టు రెసిన్‌లో పూర్తిగా కలిశాకే క్యాటలిస్టు. ఇక నేను చెప్పదలచుకున్నది అచ్చు గోడల వాలు గురించి. నాలుగేళ్ల అనుభవంలో నాకు మిగిలిన ప్రేమా పగా రెండూ దానిమీదే.

మేముండేది చెన్నై రాయపురంలో. సముద్రపు గాలికి మేడ మీద ఇనుప డబ్బా ఎక్కువ కాలం నిలవదు. పైగా ట్యాంకులో నీటి మట్టం చెప్పే వైర్‌లెస్ పరికరాన్ని ఇనుప డబ్బాలో పెట్టిన రోజే కింద వంటింట్లో దాని దీపం వెలగడం మానేసింది. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది, ఫైబర్‌గ్లాస్ అడ్డుకోదు. బజారులో దొరికే ప్లాస్టిక్ డబ్బాలలో నాకు కావలసిన కొలత లేదు. అలా 2021లో ఇక్కడి ప్యారీస్ కార్నర్ వెనక వీధుల్లో రసాయనాల దుకాణాలు తిరగడం మొదలైంది.

మొదటి అచ్చుకు వడ్రంగి చేసిచ్చిన దిమ్మ (డబ్బా ఆకారపు నమూనా) 18 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు, 8 లోతు. ప్లైవుడ్ మీద సన్‌మైకా. అంచులు కత్తిలా, గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి. ఎంత ముచ్చటపడ్డానో చెప్పలేను. మరలు విప్పితే దిమ్మ ముక్కలుగా వచ్చేసేది కనుక దాని మీద వేసిన అచ్చు సులువుగానే చేతికొచ్చింది. అసలు అక్కడే నాకు అనుమానం రావలసింది: దిమ్మను విప్పి తీయగలను, అచ్చును ఎలా విప్పుతాను? అప్పుడు నా లెక్క వేరు. రెసిన్ గట్టిపడుతూ కాస్త కుంచించుకుంటుంది, కాబట్టి లోపలి డబ్బా తనంతట తానే గోడను వదిలేస్తుందనుకున్నాను. అంటుకోకుండా ఇంట్లో ఉన్న నేల పాలిష్ మైనం ఒక్క పూత పూసి, అచ్చు తయారైన మర్నాడే అందులో డబ్బా వేసేశాను.

రాలేదు. చెక్క మేకులు దిగ్గొట్టాను. రబ్బరు సుత్తితో నాలుగు వైపులా తట్టాను. మా అత్తయ్య వచ్చి చూసి, "గ్లాసులో గ్లాసు ఇరుక్కుంటే లోపల చన్నీళ్లు, బయట వేణ్నీళ్లు పోస్తాం కదమ్మా" అన్నారు. అదీ చేశాం. మూడో రోజుకి అంచు దగ్గర మేకు పెట్టినచోట అచ్చే చీలింది. లోపలి డబ్బా మాత్రం చెక్కు చెదరలేదు.

దాన్ని సంచిలో వేసుకుని కాశిమేడు వెళ్లాను. అక్కడ చేపల రేవు దగ్గర ఫైబర్ పడవలకు అతుకులు వేసే పెద్దాయన ఒకరు తెలుగు మాట్లాడతారు. గోటితో అంచు మీద రెండుసార్లు తట్టి, "ఇవి రెండు కావమ్మా, ఒక్కటే" అన్నారు. తరవాత చెప్పినవి వింటుంటే నా తప్పులు బారులు తీరాయి. పచ్చి అచ్చులో మర్నాడే పని చేయకూడదు. కొత్త రెసిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం పాత పొరను కరిగించి పట్టుకుంటుంది. మైనం ఒక్క పూత చాలదు. ఇవన్నీ సరిగ్గా చేసినా నిలువు గోడ ఉంటే మాత్రం డబ్బా పైకి వచ్చినంత దూరమూ గోడను రాసుకుంటూనే రావాలి. "గోడ కొంచెం విప్పారాలమ్మా" అన్నారు. ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా అత్తయ్య నవ్వారు. ఇడ్లీ పళ్లెంలో గుంటలు నిలువు గోడలతో ఉంటే ఇడ్లీ ముక్కలుగా తప్ప వస్తుందా అని. మూడు రోజులు సుత్తి పట్టుకుని తిరిగినదాన్ని, ఈ ఆలోచన నాకెందుకు రాలేదో!

రెండో దిమ్మకు ప్రతి గోడా మూడు డిగ్రీలు బయటికి వాలి ఉంటుంది. మూలలు గ్యారేజీలో వాడే పుట్టీతో గుండ్రం చేశాను. పదునైన మూలలో మ్యాట్ అతుక్కోకుండా పైకి లేచి గాలి బుడగ మిగులుతుంది. అచ్చును ఈసారి వారం రోజులు ఊరికే వదిలేశాను. అచ్చుల కోసమే అమ్మే మైనం ఆరు పూతలు, పూత పూతకూ మధ్య తుడుపు, ఆపైన పాలీవినైల్ ఆల్కహాల్ ద్రవం స్పాంజితో పలచగా. అది ఆరి పొరగా మిగులుతుంది, నీళ్లలో కరుగుతుంది. మర్నాడు పొద్దున అంచు చుట్టూ గ్లాసెడు నీళ్లు పోసి, చెక్క గరిటె కాడతో ఒక మూల ఎత్తాను. టప్! డబ్బా అద్దంలా వచ్చింది. పక్కింటి పిల్లవాణ్ణి పిలిచి చూపించాను, వాడికేమీ అర్థం కాకపోయినా.

అప్పటినుంచి ఆ ఒక్క అచ్చులోంచే నలభైకి పైగా తీశాను. డబ్బాకు చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ రెండు పొరలు, అంటే తూకానికి ఇంచుమించు 65 గ్రాములు, రెసిన్ 150 దాకా. ఇప్పటికి రెండుసార్లు మాత్రమే మొరాయించింది, రెండుసార్లూ మైనం విషయంలో నా బద్ధకమే కారణం. మొన్న మొన్నటి దాకా అడిగినవాళ్లకల్లా వాలు పెట్టండి, ఇక చింత లేదు అని చెబుతూ వచ్చాను.

ఆ మాటను కొంచెం సవరించుకోవాలి. 8 సెంటీమీటర్ల లోతుకు మూడు డిగ్రీలంటే ఒక్కో గోడకు నాలుగు మిల్లీమీటర్లు. మూతి దగ్గర 18 ఉన్న డబ్బా అడుగున 17.2 కూడా ఉండదు. కొలిచి తెచ్చిన సర్క్యూట్ పలక అడుగుకు దిగలేదు, ఆకురాయితో అరగదీయాల్సి వచ్చింది. ఇది చిన్నది. పెద్దది 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను రోజుల్లో తెలిసింది. మేడ గోడకు బిగించిన డబ్బా మూతికి కొత్త రబ్బరు వేశాను, వైర్ల రంధ్రాలన్నీ మూశాను, అయినా తెరిస్తే లోపల వేలెడు నీళ్లు. పరికరం పోయింది. ఎటునుంచి వచ్చాయో రెండు రోజులు అంతుపట్టలేదు. చివరికి చెంబుతో నీళ్లు పోసి చూశాను. డబ్బా వెనక భాగం సన్నం, మూతి వెడల్పు. గోడకు బిగిస్తే దాని పై తలం మూతి వైపు ఎత్తుగా, గోడ వైపు పల్లంగా ఉంటుంది. పడిన ప్రతి చుక్కా వెనక్కి జారి, డబ్బాకూ గోడకూ మధ్య నిలిచి, స్క్రూల రంధ్రాల్లోంచి లోపలికి దిగింది. డబ్బాను అచ్చులోంచి బయటికి తెచ్చిన వాలే వానను లోపలికి తెచ్చింది.

ఆ తరవాత వీలైన చోటల్లా డబ్బాను బోర్లించి, మూత కిందికి వచ్చేలా పైపుకు కడుతున్నాను. అలా పెడితే అదే వాలు గొడుగులా పనిచేస్తోంది. గోడకే బిగించక తప్పనిచోట స్క్రూల చుట్టూ సీలెంట్ దట్టంగా పెడుతున్నాను.

ఎండ గురించి కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఇక్కడ అగ్ని నక్షత్రం అనే ఆ మండుటెండల రోజుల్లో అరకిలో రెసిన్ ఒకేసారి కలిపితే దాని వేడికి నాకు కలిపిన ప్లాస్టిక్ కప్పే కరిగింది, పొగ కూడా వచ్చింది. వేసవిలో తెల్లవారుజామునే, తక్కువ క్యాటలిస్టుతో, ఒక డబ్బాకు సరిపడా మాత్రమే కలుపుతాను. ఈశాన్య రుతుపవనాల నెలల్లో అసలు పని పెట్టుకోను, మ్యాట్ చెమ్మ పడుతుంది. జెల్‌కోట్ (పైన ఉండే నునుపు రెసిన్ పూత) లేకుండా వేసిన తొలి డబ్బాలు ఇప్పుడు ఎండకు పొడిబారి పైన గాజు నూగు తేలాయి. ముట్టుకుంటే రోజంతా దురద.

మరి ఇది మీకు పనికొస్తుందా? నాకు సొంత మేడ ఉంది, గాలి సముద్రం వైపునుంచి వీస్తుంది, ఓర్చుకునే అత్తయ్య ఉన్నారు. అపార్టుమెంటులో ఉంటే వద్దనే చెబుతాను. స్టైరీన్ వాసన పొరుగువాళ్ల భోజనం దాకా వెళుతుంది, బట్ట మాస్కు ఆ ఆవిరిని ఆపదు, రసాయనాల ఆవిరికి పనికొచ్చే వడపోత గుళికలున్న మాస్కే కావాలి. ఒకటి రెండు డబ్బాలే అవసరమైతే కొనుక్కోవడమే మేలు. ఒకే కొలతలో పది దాటి కావాలంటే, వారం ఆగే ఓపిక ఉంటే, అప్పుడు ఆలోచించవచ్చు.

నేనైతే మూడో దిమ్మకు చెప్పాను. పై గోడకు వాలు లేకుండా, అక్కడి మూడు డిగ్రీలు కూడా కింది గోడకే ఇచ్చి ఆరు చేయమన్నాను. అచ్చులోంచి కొంచెం ఏటవాలుగా లాగితే రావాలి మరి. వడ్రంగి ఆ కొలత సరేనా అని రెండుసార్లు ఫోను చేశాడు.